టర్బో కార్ల ట్యూనింగ్‌పై రవాణా అధికారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా రవాణా అధికారి గారికి,

అయ్యా,

పలాస, టెక్కలి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై పొద్దుపోయాక టర్బో డీజిల్ కార్లు నల్లపొగ చిమ్ముతూ దూసుకుపోతున్నాయి. మా ఉద్దానం ప్రాంతపు కుర్రాళ్లు చాలామంది గల్ఫ్‌లో, ఓడల్లో పనిచేస్తారు. విదేశీ సైలెన్సర్, ట్యూనింగ్ పెట్టె తెప్పించుకోవడం వాళ్లకు కష్టం కాదు. చెమటోడ్చి సంపాదించిన డబ్బు, ఆ సరదాను నేను తప్పుపట్టను.

కానీ ఆ పెట్టెతో టర్బో ప్రెషర్ పెంచి, డీజిల్ ఎక్కువ పోయిస్తే ఇంజిన్‌కు బలం వస్తుంది, బ్రేకులు మాత్రం పాతవే. అంత డీజిల్‌కు గాలి చాలక, పూర్తిగా మండనిది మసై వెనకాల వచ్చే ఆటోలోకి కొడుతుంది. అందులో డయాలసిస్ కోసం పలాస వస్తున్న కిడ్నీ రోగి ఉండొచ్చు. ప్రమాదం జరిగితే, మార్పుల సంగతి దాచారని బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించే వీలూ ఉంది.

కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇది కేసు రాసిన రోజునే తెలిస్తే ఏం లాభం?

ఏ మార్పుకు అనుమతి ఉందో, ఏది నేరమో తెలుగులో ఒక్క పేజీ అచ్చువేయించి కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట గ్యారేజీల్లో అంటించండి. రెండు నెలలు గడువివ్వండి. ఈలోగా పాత భాగాలు తిరిగి బిగించుకున్నవారిని వదిలేయండి. ఆ తర్వాత పొగ కొలిచే యంత్రంతో హైవేపై నెలనెలా తనిఖీ చేయించండి.

ఇట్లు,
పలాస పౌరుడు