నిద్ర కాదు

అజంతా 26వ గుహలోని బుద్ధవిగ్రహము పటమును తరగతిలో జూపగా, ఒక బాలుడు "మాష్టారూ, ఈయన పట్టపగలు నిద్రపోవుచున్నాడేమండి?" అని యడిగెను. పిల్లలందఱును నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ పటము క్రింద "శయనబుద్ధుడు" అని వ్రాసి తగిలించినవాడను నేనే.

ఈ పేరు మనము మానవలయునని నా యభిప్రాయము. శయనమూర్తి యనగానే మన తెలుగువారికి ఉండవల్లి గుహలోని యనంతశయనుడు తలపునకు వచ్చును. అది యోగనిద్ర, దాని వెనువెంటనే సృష్టి యారంభమగునని పురాణములు చెప్పును. బుద్ధునిది వేఱు. ఎనుబదియేండ్ల వృద్ధుడు కుశీనగరమున రెండు సాలవృక్షముల నడుమ, తల యుత్తరమునకు బెట్టి, కుడిప్రక్కకు ఒరిగి ప్రాణము విడిచెను. బౌద్ధులు దీనిని మహాపరినిర్వాణ మందురు. ఆయన మరల జన్మింపడని వారి విశ్వాసము. ఒక శయ్య యారంభమును, వేఱొకటి యవసానమును దెలుపుచుండగా రెంటికిని ఒకే పేరు తగునా?

శిల్పులు మాత్రము పొరబడలేదు. మన యమరావతి శిల్పులు ఈ మరణమును సూచింపదలచి దేహమును జెక్కక స్తూపమును జెక్కిరి. అజంతాలో 5వ శతాబ్దమున కొండను దొలిచి 20 అడుగులకు మించిన దేహమునే మలచిరి. ముఖమున వేదన లేదు. క్రిందివరుసలో శిష్యులు కుమిలిపోవుచున్నారు. పైన దేవతలు వాద్యములు మ్రోయించుచున్నారు. ఒక్క మరణమునే మనుష్యు లొకరీతిగను, దేవతలు వేఱొకరీతిగను జూచుట యొకే గోడమీద గలదు!

సింహళములో పోలొన్నరువయందలి గల్ విహారమున 12వ శతాబ్దపు విగ్రహ మొకటి కలదు. పొడవు 46 అడుగులు. తల బరువునకు తలగడ కొంచెము క్రుంగినట్లు చెక్కినారు, అదియును రాయియే. కాలివ్రేళ్లు సమముగా నున్నచో విశ్రాంతియనియు, ఎడమపాదము రవంత వెనుకకు జరిగియున్నచో పరినిర్వాణమనియు నచ్చట గుర్తింతురు. గల్ విహారమున నా పాదము జరిగియే యున్నది. కావున పరుండిన ప్రతి బుద్ధవిగ్రహమును మరణమును జూపునని నేననను. పాదములు చూడక పేరు పెట్టవలదని మాత్రమే యనుచున్నాను. బాంకాకు నగరములో వాట్ ఫో యాలయమున బంగారు పూతగల 150 అడుగుల మూర్తి కలదు. అరికాళ్లలో ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నములు పొదిగిరి. అది గొప్పదే, నన్నడిగినచో ఆ రాతితలగడయే మేలు.

పటము క్రింది పేరు కొట్టివైచి "బుద్ధుని మహాపరినిర్వాణము" అని వ్రాసితిని. మఱునాడు ఆ బాలుడు పటము దగ్గఱ చాలసేపు నిలిచి, "మాష్టారూ, క్రింద నేడ్చుచున్నవారిని నిన్న నేను జూడలేదండి" అనెను.