సంసారం గుట్టు ఎవరికి రక్ష?

"భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకుంటే సగం సమస్యలు వాటంతటవే తీరిపోతాయి." ఆదివారం అనుబంధాల్లోనూ, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ, టీవీ కౌన్సెలింగుల్లోనూ మనం విసుగెత్తేలా వింటున్న మాట ఇది. వినడానికి ఇందులో తప్పుపట్టాల్సిందేమీ కనిపించదు. మాట్లాడుకోవద్దని ఎవరంటారు? కానీ ఈ సలహా ఎక్కడ అచ్చవుతోందో చూడండి. మహిళల పేజీలో, వంటల పక్కన. ఆయన అలసిపోయి రాగానే కష్టాలు ఏకరువు పెట్టకండి, సమయం చూసి మాట్లాడండి, గొంతు పెంచకండి, నవ్వుతూ చెప్పండి. ఇవన్నీ ఆమెకే. క్రీడల పేజీలోనో వ్యాపారం పేజీలోనో "ఇంటికెళ్లాక ఆమె చెప్పేది పూర్తిగా వినండి" అని ఎవరైనా రాశారా? సంభాషణ ఇద్దరిదీ. దాన్ని ఆరోగ్యంగా ఉంచే బాధ్యత మాత్రం ఇంటిచాకిరీలో ఇంకో పద్దుగా ఆమె నెత్తిన పడింది.

ఈ సలహా ఇద్దరు సమానుల్ని ఊహించుకుని ఇచ్చేది. మన ఇళ్లల్లో ఆ ఇద్దరూ ఎక్కడున్నారు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చెప్పి, వీటికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనా అని అడిగారు. కనీసం ఒక్క కారణానికైనా సమంజసమేనన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, తెలంగాణలో 83.8 శాతం. "చూశారా, ఆడదానికి ఆడదే శత్రువు" అని చప్పరించినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లెవరూ ఆ ఏడు కారణాల జాబితా చదివినట్టు లేదు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు వాదించడం, పడకకు కాదనడం, అత్తమామల్ని గౌరవించకపోవడం అందులో ఉన్నాయి. వీటిలో మాటతో ముడిపడనిదేది? చెప్పకపోతే తప్పు, చెప్తే వాదన, కాదంటే నేరం. దెబ్బకు కారణంగా లెక్కకొచ్చే ఆ మాటనే "మనసు విప్పి" వాడమని ఆమెకు సలహా ఇస్తున్నాం! ఆ స్త్రీలు చెప్పిన జవాబు వాళ్ల అజ్ఞానం కాదు. తమ ఇంట్లో మాట ఖరీదెంతో వాళ్లకు తెలుసు.

మాటకూ అక్షరానికీ మనమిచ్చే విలువ గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు భట్టిప్రోలు పేరు తప్పక వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి ధాతు పేటికల మీద బయటపడ్డ రాతలు దక్షిణాదిలో దొరికిన అతి ప్రాచీన శాసనాల్లో కొన్ని. తెలుగు లిపి కథ మనం అక్కడి నుంచే మొదలుపెడతాం. ఒక పేటికను చేయించినవాళ్లు ఎవరో దాని మీదే రాసి ఉంది: కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. తల్లికే కాదు, తండ్రికీ అక్కడ సొంత పేరు లేదు. ఇద్దరూ కొడుకు పేరు చాటునే ఉన్నారు. రెండు వేల ఏళ్లు దాటాక తండ్రికి పేరు వచ్చింది. పొలం పాసుపుస్తకం మీద, ఇంటి గోడ మీద, శుభలేఖ మీద ఆ పేరు ఉంటుంది. తల్లి మాత్రం భట్టిప్రోలులోనూ, తెనాలిలోనూ, రేపల్లెలోనూ ఇంకా "ఫలానా వాళ్లమ్మే".

పిలుపులోనే ఇంత తేడా ఉన్నప్పుడు సంభాషణ ఎలా ఉంటుంది? మన భాషలో క్రియాపదం కూడా ఎవరు పైనో ఎవరు కిందో చెప్పేస్తుంది. ఆమె "ఏవండీ, వినండి" అనాలి. ఆయన "ఏమే, విను" అంటాడు. ఎంత చదువుకున్న ఇళ్లలోనైనా గొడవ మధ్యలో ఆమె నోట ఒక్క "నువ్వు" జారిందనుకోండి, అప్పటిదాకా మాట్లాడుకుంటున్న విషయం అక్కడితో ఆగిపోతుంది. అప్పు సంగతీ, తాగుడు సంగతీ, పిల్ల చదువు సంగతీ పక్కకుపోయి "నన్ను నువ్వంటావా?" అన్నదొక్కటే మిగులుతుంది. చివరికి క్షమాపణ చెప్పేది ఆమె. కౌన్సెలింగు పుస్తకాల్లో ఈ "మీరు", "నువ్వు"ల ఊసే ఉండదు. అవి వేరే భాషలో, వేరే ఇళ్ల కోసం తయారైన సూత్రాలు.

ఆ బయటి పరిశోధనల్ని కూడా మనవాళ్లు సగమే దిగుమతి చేసుకున్నారు. అమెరికాలో జాన్ గాట్‌మన్ బృందం 130 కొత్త జంటల్ని ఏళ్ల తరబడి గమనించి 1998లో ఫలితాలు ప్రచురించింది. ఎదుటివారి మాటను తిరిగి వల్లించే అభ్యాసాలు పెళ్లిని నిలబెడతాయనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. భార్య మాట ప్రభావాన్ని భర్త ఒప్పుకోని పెళ్లిళ్లు మాత్రం విడాకులకు దారితీశాయి. అధికారాన్ని కొంచెం వదులుకోగలడా లేడా అన్నది అసలు ప్రశ్న. మన పత్రికల్లోకి వచ్చేసరికి అది "నవ్వుతూ చెప్పండి"గా మారిపోయింది.

మాట మింగుకోవడం వల్ల ఏమవుతుందో కూడా తెలియనిది కాదు. గొడవ వచ్చినప్పుడు నోరు నొక్కుకునే భార్యలు, అలా చేయనివాళ్లకంటే పదేళ్లలో చనిపోయే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం నుంచి 2007లో తేలింది. మగవాళ్లలో అలాంటి తేడా కనిపించలేదు. మన దేశంలో 2021 ఒక్క సంవత్సరంలో ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 23,179 మంది అని జాతీయ నేర గణాంకాలే చెప్తున్నాయి. ఆ ఏడాది మొత్తం ఆత్మహత్యల్లో మూడో వంతుకు కారణం "కుటుంబ సమస్యలు" అని రాసి ఊరుకున్నారు.

"సంసారం గుట్టు, రోగం రట్టు" అంటారు మన పెద్దలు. మరి సంసారమే రోగమైనప్పుడు? అప్పుడు రోగం కూడా గుట్టులోకే పోతుంది. శారీరక, లైంగిక హింస ఎదుర్కొన్న స్త్రీలలో 77 శాతం సాయం అడగలేదు, ఎవరికీ చెప్పలేదు అని అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. చెప్పుకోలేనిది ఒంట్లోంచి పలుకుతుంది. తలనొప్పి, గుండెదడ, నిద్రలేమి, కాళ్లూ చేతులూ లాగడం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర బలానికి ఒక సెలైన్ సీసా. తగ్గకపోతే పట్నం డాక్టరు దగ్గర గ్యాస్ మాత్రలు. అదీ కాకపోతే పూనకం. పూనకంలో ఉన్న ఆడమనిషిని గమనించండి. ఆమె మొగుణ్ణి "ఒరేయ్" అంటుంది, కావలసింది అడుగుతుంది, ఇల్లంతా చేతులు కట్టుకుని వింటుంది. దేవతైతే తప్ప వినని ఇంట్లో ఆమె దేవత కావడంలో వింతేముంది?

మగవాళ్లూ నోరు విప్పలేక నలిగిపోతున్నారు కదా అంటారు. నిజం. ఆత్మహత్యల్లో మగవాళ్ల సంఖ్యే ఎక్కువ. ఏడవకూడదని పెంచిన పితృస్వామ్యమే వాళ్లనీ చంపుతోంది. కానీ ఇంట్లో ఆయన మౌనం అందరూ భయంభయంగా అర్థం చేసుకోవలసిన ఆజ్ఞ. ఆమె మౌనం ఎవరూ గమనించని సర్దుబాటు. రెండింటినీ ఒకే మందుతో నయం చేస్తామనడం మోసం.

మన సాహిత్యానికి ఈ ప్రశ్న కొత్త కాదు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన "స్త్రీ విద్య" కథ మొత్తం భార్యాభర్తల సంభాషణే. జైలుకు వెళ్లబోతున్న భర్త, ఉత్తరాలు రాసుకోవడం కోసం చదువు నేర్చుకోమని భార్యను అడుగుతాడు. ఆమె అభ్యంతరాలు ఒక్కొక్కటీ చెప్తుంది, ఆయన ప్రతిదానికీ జవాబిస్తాడు. కసిరి నోరు మూయించడు. అవసరం ఆయనదే కావచ్చు, కానీ ఆమె ప్రశ్న అక్కడ నేరం కాదు. నూరేళ్ల కిందటే అచ్చమాంబ చూపించిన ఈ దారిని మనం, రచయిత్రులమూ అధ్యాపకులమూ, ఎందుకు వదిలేశాం? దాంపత్య సంభాషణ మధ్యతరగతి వ్యవహారమనీ, రాజకీయం కాదనీ పక్కన పెట్టాం. ఆ ఖాళీని టీవీ గురువులు ఆక్రమించారు.

2005 గృహహింస చట్టం అవమానించడాన్ని, ఎగతాళిని, మగపిల్లాణ్ణి కనలేదని దెప్పడాన్ని కూడా హింస అని రాసింది. అయినా కౌన్సెలింగు గదిలో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "నీ బాధేంటో చెప్పమ్మా" అని అడిగే పద్ధతి పోలేదు. ఆయన పక్కనుండగా ఆమె చెప్పే మాట, సాయంత్రం ఆయనతో కలిసి ఇంటికెళ్లబోయే మనిషి చెప్పే మాట. ముందు ఆమెను విడిగా వినాలి. వారంవారం కూర్చుని వాయిదాల లెక్క చూసుకునే డ్వాక్రా సంఘాల్లో ఈ మాటకూ చోటుండాలి. చేలగట్ల మీద, అరుగుల మీద ఆడవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకునేదాన్ని "ఆడవాళ్ల సోది" అనడం మనమైనా మానాలి. చాలామందికి దొరికిన ఏకైక వైద్యం అదే.

ఇక సలహాలిచ్చేవాళ్లకు ఒకటే విన్నపం. మాట్లాడుకోమని చెప్పేముందు ఒక్కటి అడగండి. ఈ ఇంట్లో ఆమె "కాదు" అంటే ఆ రాత్రి ఏం జరుగుతుంది? దానికి జవాబు తెలుసుకోకుండా ఇచ్చే ఏ సలహా అయినా ఆ ఇంటి గుట్టుకు ఇంకో తాళమే.