కిరాయి ఇంటి కొత్త కాపురానికి వేరే మీటరు ఇప్పించండి

తెలంగాణ ముఖ్యమంత్రి గారికి, విద్యుత్తు, పౌరసరఫరాలు, గృహనిర్మాణ శాఖల మంత్రులకు, సిరిసిల్ల విద్యుత్తు సహకార సంఘం (సెస్) పాలకవర్గానికి.

మా ఎల్లంతకుంట మండలంలో కొత్తగా పెళ్లయిన పిల్లలు బతుకుదెరువు కోసం సిరిసిల్లకో కరీంనగర్‌కో పోయి రెండర్రల ఇంట్లో కిరాయికి దిగుతున్నారు. ఒకరు మరమగ్గాల సాంచాల మీద, ఒకరు పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టుపనిలో. మంచం, బీరువా పుట్టింటివాళ్లు పెట్టినా మొదటి నెలకే చేతిలో పైసలుండవు. అడ్వాన్సు, కిరాయి, కొత్త గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే సిలిండర్‌కు 2,200, రెగ్యులేటర్‌కు 250 డిపాజిట్, ఆపైన పొయ్యి, బియ్యం, బిందెలు. కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయల చెక్కు అమ్మాయి తల్లి పేరున వస్తుంది. చాలా ఇళ్లల్లో అది పెళ్లి అప్పు మిత్తికే సరిపోదు.

ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులు. కాగితం మీద రాసుకుని, ఒక నెల చిట్టీ ఆపుకుని ఎట్లనో గట్టెక్కుతారు. లెక్కకు అందనిది కరెంటు బిల్లు.

గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. కిరాయికి ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని ప్రభుత్వమే చెప్పింది, మంచి మాట. కానీ చాలా ఇళ్లల్లో మీటరు ఒక్కటే. ఓనర్ కుటుంబం, రెండు కిరాయి కుటుంబాలు తలా 80 యూనిట్లు కాల్చాయనుకోండి, మొత్తం 240. ఒక్కొక్కరిని చూస్తే అందరూ ఉచిత పరిమితిలోనే ఉన్నారు, మీటరు మాత్రం దాటింది. అప్పుడు పైన 40 యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచి కట్టాలి. 2022లో పెంచిన ధరల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, మిగతా 40కి 7.70 చొప్పున 308. స్థిర చార్జీలు వేరే. బోరు మోటరు కూడా అదే మీటరు మీద ఉంటే ఎవరు ఎంత వాడారో తేలదు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఓనర్ చెప్పిన ధర కట్టించుకునే ఇళ్లూ ఉన్నాయి. ఇందులో ఓనర్లనూ తప్పుపట్టలేను, వాళ్లకూ ఉచితం పోయింది కదా.

మీటరు విడిగా ఉన్నా, పథకానికి కావలసిన రేషన్ కార్డు అడ్డం పడుతుంది. అబ్బాయి పేరు వాళ్ల నాయన కార్డులో, అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో. ఈ పథకాలకు ప్రజాపాలన పేరుతో మొదట దరఖాస్తులు తీసుకున్నది 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు. ఆ తర్వాత పెళ్లయినవాళ్లు అప్పుడు ఒక కుటుంబమే కాదు. వేరు పడ్డ జంటకు కార్డు చేతికొచ్చేదాకా ప్రభుత్వం ఇచ్చే 500 రూపాయల గ్యాస్ సిలిండరూ లేదు, సున్నా బిల్లూ లేదు. చేయి ఆడని కాలంలోనే ఈ ఆసరా అందకుండా పోతున్నది.

అయ్యా, పెళ్లి రిజిస్ట్రేషన్ అయిన రోజే రెండు పాత కార్డుల్లోంచి పేర్లు తీసి కొత్త కార్డు ఇచ్చే ఏర్పాటు చేయండి. వేరే వంట, వేరే పొయ్యి ఉన్న ప్రతి కిరాయి కుటుంబానికి వేరే మీటరు ఇవ్వండి. దాని ఖర్చును నెలవారీ బిల్లులో కొద్దికొద్దిగా తీసుకోండి. ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఓనర్, కిరాయిదారు మధ్య మాట ఆగిపోతున్నది. 1970 నుంచి సిరిసిల్లలో కరెంటు ఇస్తున్నది సహకార సంఘం. వినియోగదారులే సభ్యులు, ఓట్లేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. అందుకే ఈ పని మొదట ఇక్కడే చేసి చూపమని సెస్ పెద్దలను ప్రత్యేకంగా అడుగుతున్నాను.

అడ్వాన్సు గురించి కూడా ఒక మాట. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయి దాటొద్దంటుంది, రాతపూర్వక ఒప్పందం ఉండాలంటుంది. ఆ రెండు నిబంధనలను మన రాష్ట్రంలో, చిన్న పట్టణాలతో సహా, అమలు చేయించండి. ఇల్లు ఖాళీ చేసేనాడు సున్నం, రంగుల పేరు మీద అడ్వాన్సు కోసుకుంటే అడగడానికి పిల్లల చేతిలో ఒక కాగితమన్నా ఉంటుంది.

ఇట్లు,
ఎల్లంతకుంట మండల వాసి