చీటీలు చాలవు, కుట్టిన పుస్తకం కావాలి

ఈసారి రేటు గురించో ఎరువు గురించో కాదండి, పుస్తకం గురించి రాస్తున్నాను. ఇంట్లోనే కుట్టుకునే చిన్న లెక్కల పుస్తకం. దీనికీ ఇంత పోస్టా అని నవ్వకండి, చివరిదాకా చదవండి.

మన మొగల్తూరు వైపు వరి ఉంది, కొబ్బరి ఉంది, చెరువులు ఉన్నాయి. చాలామందికి అన్నీ అప్పు మీదే నడుస్తాయి. ఎరువుల కొట్లో అప్పు, మేత అప్పు, ధాన్యం కమిషన్ దారు దగ్గర అడ్వాన్సు. పంట చేతికొచ్చాక లెక్క చూసుకోడానికి కూర్చుంటాం. అక్కడ ఉన్న పుస్తకం ఎవరిదండీ? కొట్టు వాళ్ళది. మన దగ్గర చొక్కా జేబులో నాలుగు చీటీలు. వాటిలో ఒకటి ఉతుకులో పోతుంది, ఒకటి చెమటకి చెరిగిపోతుంది.

మా పక్క ఊళ్ళో ఒక కౌలు రైతు రెండుసార్లు డబ్బు కట్టానంటాడు. కొట్టు పుస్తకంలో ఒకసారే ఉంది. ఎప్పుడు కట్టావంటే తారీకు చెప్పలేకపోయాడు. కొట్టాయన మోసం చేశాడా, రాయడం మర్చిపోయాడా? రెండో పుస్తకం లేదు కాబట్టి తేల్చే దారి లేదు. చివరికి బాకీ కౌలు రైతు నెత్తినే పడింది.

మన లెక్క ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉందండి. భూమి లెక్క కరణం గారి చేతిలో ఉండేది. 1984లో రామారావు గారి ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసింది. ఇప్పుడది కంప్యూటర్ లోకి వెళ్ళింది. వ్యాపారుల దగ్గర ఎర్రగుడ్డ అట్టతో చిట్టా, ఆవర్జా ఉండేవి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా డ్వాక్రా సంఘంలో మినిట్స్ పుస్తకం రాసి సంతకాలు పెడుతున్నారు. లక్షల్లో పెట్టుబడి పెట్టే మనకు మాత్రం పుస్తకం లేదు.

చీటీలు దాచుకుంటే చాలదా అంటారు. 1998లో సుప్రీంకోర్టు జైన్ హవాలా కేసులో తీర్పు ఇచ్చింది. పెద్ద నాయకుల పేర్లు డైరీల్లో ఉన్నాయని అప్పట్లో పేపర్లన్నీ మోగిపోయాయి. ఆ గొడవ మనది కాదు గానీ, అందులో పుస్తకం అంటే ఏమిటో కోర్టు చెప్పింది. కాగితాలను కలిపి బిగించి ఒక్కటిగా చేస్తే పుస్తకం. విడి కాగితాలు సులువుగా తీసేసి వేరేవి పెట్టొచ్చు కాబట్టి వాటిని పుస్తకం అనడానికి లేదు. ఇంకో సంగతి. క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకాన్ని సాక్ష్యంగా చూడొచ్చు, కానీ ఆ పద్దు ఒక్కటే చూపించి ఎదుటివాడి మీద బాకీ వేయడానికి చాలదు. పాత సాక్ష్య చట్టం 34వ సెక్షన్ లో ఉన్న ఈ మాట 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఇది కొట్టు పుస్తకానికీ వర్తిస్తుంది, మన పుస్తకానికీ వర్తిస్తుంది. మనలో కోర్టు మెట్లు ఎక్కేవాళ్ళు తక్కువే. కానీ పెద్దమనుషుల ముందు కూర్చున్నా అంతే కదండీ, రెండు పుస్తకాలుంటే పోల్చి చూస్తారు, ఒకటే ఉంటే దాన్నే నమ్ముతారు.

ఇక కుట్టడం. జిరాక్స్ షాపులో 8 తెల్ల ఏ4 కాగితాలు తీసుకోండి, టీ డబ్బులతో వస్తాయి. ఒక్కోదాన్ని అడ్డంగా సగానికి కోస్తే 16 ముక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే 64 పేజీలు, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. జేబులో పడుతుంది. అట్టకు పెళ్ళి శుభలేఖ అయినా సరే. తడిలో తిరిగేవాళ్ళు ఖాళీ మేత సంచి ముక్క కోసి వేసుకోండి, నీళ్ళకు నానదు.

మడత మీద మూడు చిల్లులు పెట్టాలి. ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండూ పైనా కిందా అంచుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో. గోనె సంచులు కుట్టే దబ్బనంతో పొడిస్తే సరిపోతుంది. వలలు బాగుచేసే సన్న నైలాన్ దారం మూర కన్నా కొంచెం తక్కువ చాలు. లోపలి నుంచి మధ్య చిల్లులో బయటకు తీయండి. పై చిల్లులో లోపలికి. లోపలే కిందికి వచ్చి కింది చిల్లులో బయటకు. మళ్ళీ మధ్య చిల్లులోంచి లోపలికి. లోపల నిలువుగా వచ్చిన దారానికి అటు ఒక కొస, ఇటు ఒక కొస ఉండేలా చూసి బిగించి ముడి వేయండి. పావుగంట పని.

కొట్లో నోటుపుస్తకం దొరుకుతుంది కదా అంటారా? కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ పెద్ద పుస్తకం ఇంట్లో ఉండిపోతుంది, రెండు నెలలకు పిల్లలది అయిపోతుంది. ఇదైతే సార్వాకు ఒకటి, దాళ్వాకు ఒకటి, చెరువుకు ఒకటి. పంట అయిపోగానే ఆ పుస్తకం మూసేసి అటక మీద పెట్టడమే. ఫోన్లో రాసుకునేవాళ్ళు రాసుకోండి, కానీ ఫోన్లో కొట్టాయన సంతకం పెట్టలేడు.

కుట్టగానే పేజీలకు నంబర్లు వేయండి. జెల్ పెన్ను వద్దు, తడి తగిలితే పాకిపోతుంది. బాల్ పెన్ను వాడండి. తారీకు, ఎవరికి, ఏమిటి, ఎంత, నగదా అప్పా, ఈ ఐదూ రాయాలి. తప్పు పడితే చెరపకండి, ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి. డబ్బు కట్టినప్పుడల్లా అక్కడే ఆ పద్దు పక్కన సంతకం అడగండి. మొదట మొహమాటంగా ఉంటుంది. మన సంతకం లేకుండా వాళ్ళు అప్పు ఇస్తున్నారా?

ధాన్యం వేసినప్పుడు బస్తాల లెక్క, తూకం, మిషన్లో చూపించిన తేమ, కోసిన కిలోలు రాయండి. తేమ 17 శాతం వరకు ఒప్పుకోవాలి. 2025-26 మద్దతు ధర సాధారణ రకం క్వింటాకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. బస్తాకు మూడు కిలోలు కోస్తే 71 రూపాయలు పోయినట్టే. వంద బస్తాలకు ఏడు వేల పైమాట. రాసుకుంటేనే ఈ పోయింది కనపడుతుంది.

కౌలు రైతులకు ఒక మాట. ఈ పుస్తకం ఉంటే కౌలు కార్డు వస్తుందని నేను చెప్పను. 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందానికి భూమి యజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టడం లేదని అందరికీ తెలుసు. కానీ ఆయనకు ఇచ్చిన కౌలు బస్తాల లెక్క, ఇచ్చిన తారీకు మీ దగ్గర ఉండాలి. రాయడం రాకపోతే ఇంట్లో అమ్మాయి చేతో అబ్బాయి చేతో రాయించండి, ఏ రోజుది ఆ రోజే.

పుస్తకం వల్ల అప్పు తీరిపోదు. మనం కట్టిన రూపాయి మళ్ళీ కట్టే పని ఉండదు, అంతే. ఈ దాళ్వా మొదటి ఖర్చు పెట్టే లోపే ఒకటి కుట్టేయండి.