విషాల గురించి తెలుగులో జవాబు చెప్పే నంబరు కావాలి
పాపన్నపేట మండల రైతులకు, కూలీలకు, తల్లులకు, పంచాయతీ పెద్దలకు విజ్ఞప్తి

మంజీర నీళ్లతో, ఘనపురం ఆనకట్ట కాలువలతో వరి పండించే మండలం మనది. మొగి పురుగుకు ఒక మందు, సుడిదోమకు ఇంకొకటి, గట్ల మీది గడ్డికి మరొకటి. ఇవి కాక ఎలుకల మందు, కిరోసిన్, బాత్రూం యాసిడ్, తలకు వేసుకునే రంగు. పసిబిడ్డ తెలియక నోట్లో పెట్టుకున్నా, పిచికారీ చేసే కూలీకి మందు సోకినా, మనసు విరిగిన మనిషి తాగినా మనకు ముందుగా అందేది చుట్టుపక్కలవాళ్ల సలహానే. ఉప్పునీళ్లు పోయమంటారు, చింతపండు పులుసు తాగించమంటారు, గొంతులో వేలుపెట్టి కక్కించమంటారు. కిరోసిన్ తాగిన పిల్లవాడిని కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ అయితే పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. పిచికారీ మందు సోకినవాడికి ముందు చేయాల్సింది తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగడం. అది మరిచి మజ్జిగ తాగిస్తూ కూర్చుంటాం. ప్రేమ తక్కువై కాదు, ఆ గంటలో అడగడానికి తెలిసిన మనిషి లేక. రాష్ట్రంలో రాత్రింబవళ్లు తెలుగులో పలికే విష సమాచార కేంద్రం నడవాలనీ, దాన్ని 108తో కలపాలనీ, మెదక్ జిల్లాకు అందులో వాటా ఉండాలనీ ఈ కరపత్రం అడుగుతున్నది.

ఇది కొత్త ఊహేమీ కాదు. అమెరికాలోని షికాగోలో 1953లోనే ఇలాంటి కేంద్రం మొదలైంది. ఇప్పుడు ఆ దేశమంతటికీ ఒకే నంబరు ఉంది, దాని వెనుక యాభైకి పైగా కేంద్రాలున్నాయి. అక్కడికి వచ్చే కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఫోన్ సలహాతో ఇంటి దగ్గరే తేలిపోతాయి. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం పనిచేస్తున్నది. ఇలాంటి కేంద్రం తల్లిదండ్రులకు ఎంత అవసరమో, ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా డ్యూటీ చేసే డాక్టరుకు అంతకన్నా ఎక్కువ అవసరం. మనం 'మందు తాగిండు' అని ఒక్క మాటతో చెప్పేదాని వెనుక పది రకాల విషాలుంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుకు అట్రోపిన్ విరుగుడు. గడ్డిమందుల్లో పారాక్వాట్‌కు అది పనిచేయదు సరికదా, అలవాటుగా పెట్టే ఆక్సిజన్ అవసరానికి మించితే ఊపిరితిత్తులకు మరింత చేటు. తలరంగు కడుపులోకి పోతే కొద్ది గంటల్లో మెడ, గొంతు వాచి ఊపిరాడదు, ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొన్ని ఎలుకల మందులు తిన్న మనిషి మొదటి రోజు మామూలుగానే ఉంటాడు, బాగానే ఉన్నాడని ఇంటికి పంపితే రెండు మూడు రోజులకు కాలేయం చెడి తిరిగొస్తాడు. ఇవన్నీ ప్రతి డాక్టరుకూ అర్ధరాత్రి గుర్తుండాలని కోరడం అన్యాయం.

ఈ కేంద్రానికి రెండో పని కూడా ఉంది. నా దృష్టిలో అదే పెద్దది: వచ్చిన ప్రతి ఫోనునూ నమోదు చేయడం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ అన్నది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందు జాడలు చూపింది. జనం నీళ్లను అనుమానించాలో కూరగాయలను అనుమానించాలో తెలియక రోజులు గడిపారు. ఏ ప్రాంతంలో ఏ విషం ఎప్పుడెప్పుడు కనిపిస్తున్నదో రాసిపెట్టిన ఖాతా ఉంటే వెతుకులాట మొదటి రోజే ఒక దారిన పడేది. కల్తీ కల్లు సంగతీ అంతే. 2020 లాక్‌డౌన్‌లో అలవాటైన ఆ కల్లు దొరకక వణుకుతో, మతిచలించి వచ్చిన వాళ్లతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి నిండిపోయింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. మెదక్ వాళ్లకు ఈ కథ చెప్పాల్సిన పనిలేదు. ఒకే ఊరి నుంచి ఒకే లక్షణాలతో నాలుగు ఫోన్లు వస్తే, ఐదోవాడు పడిపోకముందే ఎక్సైజ్ వాళ్లను కదిలించవచ్చు. శ్రీలంక 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. పదేళ్లలో అక్కడ ఆత్మహత్య మరణాల రేటు సగానికి దిగింది, పంట దిగుబడి మాత్రం పడిపోలేదు. ఏ మందు ఎందరిని చంపుతున్నదో లెక్క తెలిసినందువల్లే అక్కడ అది సాధ్యమైంది.

ఢిల్లీ నంబరు ఉండగా ఇంకొకటి ఎందుకని అడిగేవారున్నారు. ఆ నంబరు 1800 116 117. ఈ రోజే గోడ మీద రాసుకోండి. కానీ డబ్బా మీద ఏం రాసుందో, తాగి ఎంతసేపైందో, నోట్లో నురగ ఉందో లేదో భయంలో ఉన్న తల్లి తన భాషలోనే చెప్పగలదు. పైగా దగ్గరలోని ఏ దవాఖానలో విరుగుడు నిల్వ ఉందో ఢిల్లీకి తెలియదు. డబ్బు ఎక్కడిదనేది రెండో మాట. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పుట్టింది, ఫోన్లో వైద్య సలహా చెప్పే 104నూ దేశానికి మొదట చూపింది మనమే. కాల్ సెంటర్లు, తీగలు, బండ్లు అన్నీ ఉన్నాయి. కావాల్సిందల్లా విషవైద్యం తెలిసిన కొద్దిమంది డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఒక మంచి సమాచార నిధి. పోలీసు కేసవుతుందన్న భయం మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంటున్నది, శిక్షించమనడం లేదు. ఈ సంగతి ఫోనెత్తినవాళ్లు మొదటి మాటగా చెప్పాలి, పేరు అడగకుండా సలహా ఇవ్వాలి. ప్రమాదకరమైన మందులను నిషేధిస్తే చాలుగా అనేవాళ్లకు జవాబు పైన శ్రీలంక సంగతిలోనే ఉంది. ఏది నిషేధించాలో చెప్పేదీ ఆ లెక్కే.

ప్రతి పంచాయతీ గ్రామసభలో తీర్మానం చేయాలి. మెదక్ ప్రభుత్వ వైద్య కళాశాలలో విష సమాచార విభాగం పెట్టి రాష్ట్ర కేంద్రానికి అనుసంధానించాలనీ, జిల్లా దవాఖానలోనూ మన ఆరోగ్య కేంద్రంలోనూ ఉన్న విరుగుడు నిల్వల పట్టికను ప్రతి వారం ఆ విభాగానికి పంపాలనీ అందులో రాయాలి. పురుగుమందుల దుకాణాలు ఇచ్చే ప్రతి బిల్లు మీద రాష్ట్ర కేంద్రం నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. రైతు వేదికల్లో, బడుల్లో, ఏడుపాయల జాతర శిబిరాల్లో అదే నంబరు, దాని పక్కన మనసు బాగాలేనివారికి టెలిమానస్ 14416. తీర్మానాల నకళ్లు తీసుకుని వచ్చే సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌కు కలిసి వెళ్దాం, అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం.