పల్లె ఇంట్లోకి సిగ్నల్ రావాలి

పాడేరు మన్యంలో ఫోన్ మాట్లాడాలంటే కొండెక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. 4జీ అందని 24,680 గ్రామాల కోసం 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. కానీ టవరున్న మైదాన పల్లెల్లోనూ సిగ్నల్ గడప దాటడం లేదు.

ఇనుప చువ్వల స్లాబు, రేకుల కప్పు తరంగాలను అడ్డుకుంటాయి. డాబా మీద వీడియో పాఠం వినగలిగిన పిల్ల వంటింట్లోకి రాగానే ఫోన్ పక్కన పెట్టేయాల్సి వస్తుంది. బయటి యాంటెన్నా తగిలించే వీలున్న 4జీ రౌటర్ తీసుకుంటే చాలా ఇళ్లలో ఈ బాధ తగ్గుతుంది. యాంటెన్నాను పిట్టగోడకు గొట్టం బిగించి ఎత్తులో పెట్టాలి, టవరు వైపు తిప్పాలి. కేబుల్ పొట్టిగా ఉండాలి. పొడవు పెరిగేకొద్దీ పట్టిన సిగ్నల్ దారిలోనే నీరసిస్తుంది. తిప్పేటప్పుడు సిగ్నల్ గీతలు కాదు, సిగ్నల్ బలానికి రౌటర్ చూపే డీబీఎం అంకె చూడాలి. మైనస్ 110 కన్నా మైనస్ 90 ఎంతో మేలు.

చౌకగా అమ్మే బూస్టర్ల (రిపీటర్ల) జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేని రిపీటర్ పెట్టడం చట్టవిరుద్ధం. పైగా అది టవరుకు రొద పంపి ఊరందరి ఫోన్ల సిగ్నల్‌నూ పాడు చేస్తుంది.

అయినా ఈ ఖర్చంతా రైతు నెత్తినే ఎందుకు పడాలి? దూరం సాగే 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలను పల్లె టవర్లపై పూర్తిగా వాడాలి, కరెంటు పోయినా టవరు ఆగకుండా బ్యాటరీలు మార్చాలి. కంపెనీల చేత ఈ పని చేయించాల్సింది ప్రభుత్వమే.