మూతకు రంధ్రమున్న పెట్టె

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) నిర్మించిన బైతుల్ మఖ్దిస్ ఆరాధనాలయం తరువాతి కాలంలో బీటలు వారింది. సొమ్ము లేక కాదు. తలకింత చొప్పున చెల్లించే వెండి, మొక్కుబడుల వెండి, ఇష్టపూర్వకంగా ఇచ్చే వెండి వస్తూనే ఉన్నాయి. క్రీ.పూ. 9వ శతాబ్దంలో యూదాను ఏలిన యోవాషు, యాజకులే తమ పరిచయస్తుల వద్ద సొమ్ము తీసుకొని మరమ్మతు చేయించాలని ఆదేశించాడు. అతని పాలనలో 23వ ఏడు వచ్చింది. బీటలు బీటలుగానే ఉన్నాయి.

ఇది బనీ ఇస్రాయీల్ గ్రంథాల వృత్తాంతం. దివ్య ఖుర్‌ఆన్‌లో ప్రస్తావన లేదు గనుక ధ్రువీకరించము, తిరస్కరించము. ఆలోచించడానికి మాత్రం అడ్డేమీ లేదు.

రాజు యాజకులను పిలిచి, ఇక మీరు సొమ్ము ముట్టవద్దన్నాడు. ప్రధాన యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేయించి బలిపీఠం పక్కన ఉంచాడు. ద్వారపాలకులు వచ్చిన వెండినంతా అందులో వేసేవారు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కించి సంచులలో కట్టేవారు. తూచిన ఆ వెండి పని చేయించేవారి చేతికి, అక్కడి నుంచి వడ్రంగులకు, రాళ్లు చెక్కేవారికి చేరేది. పాపపరిహార సొమ్ము యాజకులకే ఉండేది. వారిని పస్తు పెట్టలేదు.

పని చేయించేవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని కూడా అక్కడే ఉంది. మనవాళ్లకు ఈ మాట ఒక్కటే నచ్చుతుంది. “హజ్రత్ మీద నమ్మకముంది, లెక్క ఎందుకు?” అంటారు. కానీ ఆ నమ్మకం ఎప్పుడు కలిగింది? వసూలు చేసే చేయి, ఖర్చు పెట్టే చేయి వేరైన తరువాత; ఇద్దరు కూర్చొని లెక్కించిన తరువాత.

జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అన్నప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మింబర్ ఎక్కి అందరి ఎదుట మందలించారు. ఇంట్లో కూర్చుంటే ఆ కానుక వచ్చేదా అన్నదే ఆయన ప్రశ్న. వసూలు చేసేవారికి జకాత్‌లో హక్కు ఉంది. దానిని వారే కోసుకొనే హక్కు లేదు. రమజాన్‌లో రసీదు పుస్తకాలతో తిరిగే సఫీర్లకు వసూలులో వాటా ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అనేకమంది ముఫ్తీలు దానిని అనుమతించలేదు. నేనూ మదరసా చందాతో బతికేవాడినే. జీతమివ్వండి, వాటా వద్దు అంటాను.

2009 అక్టోబరులో తుంగభద్ర మా రాజోలిని ముంచెత్తినప్పుడు మగ్గాలు నీట మునిగాయి. ఎక్కడెక్కడివారో సాయం పంపారు. వారి పేర్లు మనకు తెలియవు, వారు వచ్చి లెక్క అడగరు. అటువంటి సొమ్ముకే ఇద్దరు లెక్కించేవారు మరింత అవసరం.

యోవాషు చివరికి, అరాము రాజు హజాయేలు దండెత్తి వస్తే, ఆలయపు బంగారాన్ని అతనికే పంపి గండం గట్టెక్కాడు. అయినా ఆ ఏర్పాటు నిలిచింది. దాదాపు 2 శతాబ్దాల తరువాత, యోషీయా కాలంలోనూ ద్వారపాలకులు పోగుచేసిన సొమ్ముతోనే మరమ్మతులు జరిగాయి. ఆ సొమ్మును బయటికి తీస్తుండగానే యాజకుడు హిల్కీయాకు ఆలయంలో మరుగున పడిన ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దానిని చదివి వినిపించగా రాజు బట్టలు చించుకున్నాడు. ఆలయంలోని విగ్రహాలను బయటికి తెప్పించి తగలబెట్టించాడు.